ఆరు శనివారాల పేకాట

"మీ వంతు ఇంకా రాలేదు," అంది ముక్కలు పంచుతున్న అమ్మాయి, ఇంగ్లీషులో.

శౌరి అప్పటికే తన ముందున్న పందెపు చిప్స్ అన్నీ రెండు చేతులా టేబుల్ మధ్యకి తోసేశాడు. వాటిలో రెండు దొర్లుకుంటూ వెళ్లి ఎదురుగా కూర్చున్న బ్రీడ్ అనే పెద్దావిడ టీ కప్పుకి తగిలి ఆగాయి.

"సారీ," అంటూ వాటిని వెనక్కి లాక్కున్నాడు. ఆ అమ్మాయి బ్యాడ్జి మీద 'సూ' అని మాత్రమే ఉంది. ఏ పంజాబీ అమ్మాయో అనుకుని, ఆ ధైర్యంతో తెలుగులో గొణిగాడు. "ఏందో, హెడ్‌మిస్ట్రెస్ మాదిరి. కోపం ముక్కు మీదే ఉన్నట్టుంది."

"ముక్కు మీద ఉన్నది కోపం కాదు, జలుబు," అంది ఆ అమ్మాయి తల ఎత్తకుండానే, చక్కటి తెలుగులో. "మీ వంతు వచ్చింది. ఇప్పుడు తొయ్యండి."

శౌరి చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి నిజంగానే అన్నీ తోసేశాడు. అతని చేతిలో ఉన్నవి ఇస్పేటు ఏడు, ఆటీను రెండు. పోకర్‌లో ఒక మనిషికి రాగల రెండు ముక్కల్లో అంతకంటే చెత్తవి లేవు. ఎదురుగా బ్రీడ్ గారి దగ్గర రెండు రాజులున్నాయి. టేబుల్ మీద ఒక్కొక్కటిగా ముక్కలు తెరుస్తుంటే ఒక ఏడు పడింది. చివరి ముక్కగా ఇంకో ఏడు పడింది. చేతిలో ఉన్నదానితో కలిపి మూడు ఏడులు, రెండు రాజుల కంటే పైన.

హాలంతా చప్పట్లు. ఆ శనివారం శౌరే మొదటివాడు.

టీ దగ్గర ఆ అమ్మాయి పక్కకొచ్చి నిలబడితే, పొగుడుతుందేమోనని నవ్వుతూ చూశాడు.

"కంగ్రాట్స్. మీరు గెలిచిన్రు," అంది. "ఆడలే."

ఆమె పేరు సుధేష్ణ. ఊరు హనుమకొండ. ఉద్యోగం డబ్లిన్ పక్కన క్లోనీలోని డేటా సెంటర్‌లో. ఇక్కడ కాజిల్‌బార్ ఆసుపత్రిలో డాక్టరుగా ఉన్న అక్క సాహితికి పాప పుడితే, సాయం కోసం రెండు నెలలు ఇంటి నుంచే పనిచేస్తానని ఆఫీసులో చెప్పి వచ్చింది. గాల్వేలో చదువుకునే రోజుల్లో కాలేజీ పోకర్ క్లబ్బుని నడిపిందన్న సంగతి అక్క నోటి నుంచి బయటకు పొక్కడంతో, ఈ పోటీల్లో ముక్కలు పంచే పని ఆమె మెడకు చుట్టుకుంది.

పోటీలో డబ్బు లేదు. ఊళ్లో కార్లు అమ్మే ఒకాయన రెండు బళ్లు ఇస్తానన్నాడు, పదహారు సీట్ల మినీబస్సు ఒకటి, చిన్న వ్యాను ఒకటి. ఎనిమిది సేవాసంస్థలు, ఒక్కో సంస్థ తరఫున ఒక్కో మనిషి. వరసగా ఆరు శనివారాలు మధ్యాహ్నం పూట ఆడాలి. ఏ వారమైనా మొదట నిలిచినవాళ్లకి ఎనిమిది పాయింట్లు, అందరికంటే ముందు ఓడిపోయినవాళ్లకి ఒకటి. చివరికి మొత్తంలో మొదటివాళ్లు తమకి కావాల్సిన బండి ఎంచుకుంటారు. మిగిలింది రెండోవాళ్లకి.

శౌరి ఆడుతున్నది వాళ్లమ్మ కోసం. లీలారాణి గారు పద్దెనిమిదేళ్ల కిందట గుంటూరు దగ్గర ఫిరంగిపురం నుంచి నర్సుగా వచ్చి, ఇప్పుడు ఊరి బయట ముసలివాళ్ల డే సెంటర్ నడుపుతున్నారు. సెప్టెంబరులో ఆ సెంటర్ బస్సు ఫిట్‌నెస్ పరీక్షలో తప్పింది. అప్పటి నుంచి పదకొండు మంది ముసలివాళ్లు రాలేక ఇళ్లలోనే కూర్చున్నారు. వాళ్లలో ముగ్గురిని పలకరించేవాళ్లు ఆమె తప్ప ఇంకెవరూ లేరు.

"పేక ముక్క ఇంట్లో కనపడితే చెయ్యి ఇరగ్గొడతా," అనే మనిషి, సెంటర్ తరఫున ఆడాల్సిన డ్రైవరు మణికట్టు విరగ్గొట్టుకోవడంతో, కొడుకు దగ్గరికే వచ్చింది. "నా తండ్రి కదూ. ఆరు వారాలే. తర్వాత ఫాదర్ దగ్గర పాపసంకీర్తనం చేసుకుందువుగాని."

రెండో శనివారం శౌరి అందరికంటే ముందు ఓడిపోయాడు. మూడో శనివారం కూడా. ఇరవై నిమిషాలు కూడా కూర్చోలేదు. మూడు వారాలకి పది పాయింట్లు. కుక్కల ఆశ్రమం తరఫున ఆడుతూ, ఊలు అల్లుకుంటూ, అప్పుడప్పుడూ మాత్రమే ముక్కల వైపు చూసే బ్రీడ్ గారికి పందొమ్మిది.

ఆ సాయంత్రం హాలు బయట వాన. ఈ మేయో జిల్లా వాన పైనుంచి కాకుండా పక్కనుంచి వస్తుంది, మాట్లాడుతుంటే నోట్లోకి కూడా పోతుంది. సుధేష్ణ కారు తలుపు తీస్తుంటే శౌరి పరుగెత్తుకొచ్చాడు.

"ఏవండీ, నాకు నేర్పించండి."

"ఏం నేర్పియ్యాలె?"

"గెలవటం."

"అది నాకు రాదు," అంది. "సరిగ్గ ఆడుడు వచ్చు. దానికి ఒక్క రోజుల గెలుపు రాదు, నెలల మీద వస్తది. ఓపిక ఉన్నదా?"

"నేను నర్సుని. వార్డులో పన్నెండు గంటలు నిలబడతా."

ఆమె తీసిన కారు తలుపు మళ్లీ వేసింది. "అయితే రెండు షరతులు. మీకు నేర్పిస్తున్న అని అందరికీ చెప్త. ఇగ ముక్కలు పంచ. వేరేటోళ్లను చూస్కోమంట."

అన్నట్టే లోపలికి వెళ్లి చెప్పింది. కావాలంటే ఎవరైనా రావచ్చు, మంగళవారం, గురువారం, అక్క వాళ్ల వంటింట్లో. "గ్రాండ్," అని అక్కడి పద్ధతిలో సరేనన్నారు బ్రీడ్ గారు ఊలు బుట్టలో పెట్టుకుంటూ. "వాడికి నేర్పు. నిన్ను దేవుడే కాపాడాలి." స్కూలు బ్యాండు తరఫున ఆడే డెక్లన్ మాస్టారు మాత్రం, తనకి ఒకరు నేర్పేదేమిటని నవ్వేశాడు.

మంగళవారం సుధేష్ణ అతని ముందు రెండేసి ముక్కలు పెడుతూ పోయింది. "ఆడతవా, వదిలేస్తవా? అంతే చెప్పు." ఆమె నోట 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు. కనీసం గమనించనట్టే ఉన్నారు.

ఇరవై సార్లకి పదిహేడు సార్లు శౌరి ఆడతానన్నాడు.

"నేనైతే నాలుగు ఆడత," అంది సుధేష్ణ.

"మిగతా పదహారు సార్లు ఏం చేస్తారు? గోళ్లు గిల్లుకుంటారా?"

"చూస్త. ఎవరు ఏ ముక్కతోని భయపడుతున్నరు, ఎవరు ఉత్తగనే గట్టిగ మాట్లాడుతున్నరు, అన్ని చూస్త. ఆడనప్పుడే ఆట కనిపిస్తది. మనం అందరి కంటె ఆఖరుకు మాట్లాడే కుర్చీల ఉంటె ఇంకా మంచిది. అందరు ఏం చేసిన్రో తెల్సినంక మన వంతు. అప్పుడు జర ధైర్యం చెయ్యొచ్చు. ముందుగాల మాట్లాడాల్సి వస్తే మంచి ముక్కలు ఉంటెనే కదులు."

"డెక్లన్ మాస్టారు ఏమీ లేకుండానే బెదిరిస్తాడు గదా. నేనూ అట్టా చేస్తే?"

"ఎవరిని బెదిరిస్తవ్? బ్రీడ్ గారినా? ఆమె ఒకసారి దిగిందంటే వదలదు. వదలని మనిషిని బెదిరిస్తే మన చిప్సే పోతయి. అసుంటోళ్ల దగ్గర మంచి ముక్కలు వచ్చేదాంక ఆగాలె. వచ్చినప్పుడు పందెం గట్టిగ పెట్టాలె."

అతను వెళ్లేముందు ఒక చిన్న నోటుబుక్కు ఇచ్చింది. ఇంటికి వెళ్లాక ఈ మూడు వారాల్లో ఆడిన ప్రతి పెద్ద ఆట గురించి రాయమంది. గెలిచావా ఓడావా అని కాదు, ఆ క్షణాన ఎందుకలా చేశావో. "తప్పు చేసి గెలిచినవనుకో, అది తప్పే. మంచిగ ఆడి ఓడినవనుకో, మల్ల అట్లనే ఆడు. నువ్వు మొదటి శనివారం ఏడూ రెండుతోని గెలిచినవ్ చూడు, అదే నిన్ను ఖరాబు చేసింది."

శౌరి రాసి గురువారం తెచ్చాడు. అతని రాతల్లో ఒక మాట పదే పదే వచ్చింది: కోపం వచ్చి తోసేశాను. నిద్ర వచ్చి తోసేశాను.

"శుక్రవారం రాత్రి డ్యూటీనా నీకు?" అని అడిగింది అది చదివి.

"ఔను. పొద్దున ఎనిమిదింటికి దిగి, పడుకోకుండానే హాలుకి వచ్చా మూడు వారాలూ."

"నిద్ర లేకుంట ఆడినవా?" ఆమె గొంతు పెరిగింది. పక్క గదిలో పాప కదిలింది. ఆమె గొంతు తగ్గించింది. "ముందు డ్యూటీ మార్పించుకో. నేను చెప్పినయి అన్ని మర్చిపోయినా సరే, పండుకొని రా."

ఆ మాటకి శౌరికి ఏదో అయింది. కారులో కూర్చున్నాక కూడా కాసేపు తాళం తిప్పడం మరిచిపోయాడు.

నాలుగో శనివారం నిద్రపోయి వచ్చాడు. నాలుగో స్థానం. ఆ తర్వాతి మంగళవారం వాళ్లిద్దరే ఆడుతుంటే, సుధేష్ణ ముక్కలు పంచి, పాప పాలసీసా కడగడానికి లేచింది. తిరిగి చూస్తే శౌరి ముక్కలు బోర్లా పెట్టేసి ఆమె వైపే చూస్తున్నాడు.

"ఎటు చూస్తున్నవ్?"

"వదిలేసినప్పుడు మనుషుల్ని గమనించమన్నారు గదా."

"ఆడేటోళ్లను. సీసాలు కడిగేటోళ్లను కాదు." అంటూ అటు తిరిగింది. కడిగిన సీసానే మళ్లీ కడిగింది.

ఐదో శనివారం శౌరి రెండో స్థానంలో నిలిచాడు. మొత్తం ఇరవై రెండు పాయింట్లు. బ్రీడ్ గారు ఎవరికీ అందనంత ముందున్నారు. వెనక డెక్లన్ మాస్టారికి ఇరవై నాలుగు. మినీబస్సు పోయినట్టే అనుకున్నారందరూ. కనీసం వ్యాను వచ్చినా, నలుగురైదుగురు ముసలివాళ్లనైనా తెచ్చుకోవచ్చని లీలారాణి గారి ఆశ.

ఆ సంతోషంలో స్వీట్లు పట్టుకుని శౌరి సాహితి వాళ్లింటికి వెళితే, సుధేష్ణ కనపడలేదు. ఆఫీసు కాల్‌లో ఉందని సాహితి లోపలికి పిలిచింది. కళ్ల కింద నల్లటి చారలు, భుజాన పాప.

"వచ్చే ఆదివారం మా చెల్లె డబ్లిన్ పోతున్నది తెల్సు కదా," అంది సాహితి మాటల్లో. "అక్కడనే సిటీవెస్ట్‌ల రాజ్‌కిరణ్ అని, మా నాన్న దోస్తు కొడుకు. సాఫ్ట్‌వేరే. ఇద్దరికి మాటలు నడుస్తున్నయి. మంచి సంబంధం."

"ఓ," అన్నాడు శౌరి. "గ్రాండ్."

స్వీట్ల డబ్బా అక్కడే పెట్టి వచ్చేశాడు. మంగళవారం రాలేదు. 'నోటుబుక్కు చూసుకుంటున్నా, ఇక క్లాసు అక్కర్లేదు, థ్యాంక్స్' అని ఒక మెసేజ్. గురువారం అది కూడా లేదు. సుధేష్ణ రెండుసార్లు ఫోన్ చేసింది. డ్యూటీలో ఉన్నానన్నాడు. లేడు. ఇంట్లో కూర్చుని గోడ చూస్తున్నాడు. వాళ్లమ్మ అన్నం పళ్లెం ముందు పెట్టి, "ఏందిరా, జొరమా?" అని నుదురు పట్టుకు చూసింది.

ఆరో శనివారం హాలు నిండింది. డే సెంటర్ ముసలివాళ్లలో నలుగురిని లీలారాణి గారు తన కారులోనే రెండు ట్రిప్పుల్లో తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. శౌరి కుర్చీలో కూర్చుంటూ వెనక్కి చూశాడు. చివరి బెంచీ మీద సుధేష్ణ, ఒళ్లో పాప. నవ్వలేదు. చెయ్యీ ఊపలేదు.

గంట గడిచాక శౌరికి రెండు ఆసులు వచ్చాయి. అంతకంటే మంచి ముక్కలు ఉండవు. తొందరపడలేదు. వంతు వచ్చేదాకా ఆగి, గట్టిగా పెట్టాడు. డెక్లన్ మాస్టారు తన చిప్స్ అన్నీ తోసి ముక్కలు తిప్పాడు. రెండు తొమ్మిదులు. ఐదుసార్లలో నాలుగుసార్లు శౌరే గెలవాల్సిన ఆట అది. చివరి ముక్కగా మూడో తొమ్మిది పడింది.

ముందు వరసలో ఎవరో ముసలాయన "ఓ, దేవుడా" అన్నాడు. శౌరి దగ్గర గుప్పెడు చిప్స్ మిగిలాయి. ఆ గుప్పెడూ కూడా విసిరేసి లేచి వెళ్లిపోవాలనిపించింది. వారం రోజుల దుఃఖం కూడా దాంట్లో కలిసింది.

లేచాడు. విసరలేదు. వంటగదిలోకి వెళ్లి, అలమారలోంచి కప్పు తీసుకుని, టీ పోసుకుని, కిటికీలోంచి వాన చూస్తూ సగం తాగాడు. ఈలోగా తను లేకుండా రెండు ఆటలు గడిచాయి, పోనీ. చేసింది తప్పు కాదు. మళ్లీ అవే ముక్కలొస్తే మళ్లీ అలాగే పెడతాడు. ఊపిరి కుదుటపడ్డాక వచ్చి కూర్చున్నాడు.

ఆ తర్వాత నలభై నిమిషాలు దాదాపు అన్నీ వదిలేశాడు. చిప్స్ పెరిగిన ఉత్సాహంలో డెక్లన్ మాస్టారు ఏ ముక్కలూ లేకుండా బ్రీడ్ గారిని బెదిరించాడు. ఆమె ఊలు కింద పెట్టి, "నేను ఉన్నాను నాన్నా" అంది. మళ్లీ బెదిరించాడు. మళ్లీ ఉంది. ఇద్దరు ముందే వెళ్లిపోయారు, ఆయన మూడో మనిషిగా లేచాడు. శౌరి ఆ గుప్పెడు చిప్స్‌నే రెండుసార్లు సరైన చోట పెట్టి, మూడో స్థానం దాకా లాక్కొచ్చాడు.

బోర్డు మీద లెక్క రాశారు. బ్రీడ్ గారు మొదటి స్థానం. డెక్లన్ మాస్టారు ఇరవై ఏడు. శౌరి ఇరవై ఎనిమిది.

"మీరు ఏ బండి తీసుకుంటారు?" అని అడిగారు బ్రీడ్ గారిని.

"వ్యాను," అంది ఆమె, అదేం ప్రశ్న అన్నట్టు. "పదహారు సీట్లు నేనేం చేసుకోను? మా కుక్కలు సీటు బెల్టు పెట్టుకోవు."

లీలారాణి గారు ఒక్క అరుపు అరిచారు. ముసలివాళ్లు కర్రలు నేలకేసి కొట్టారు. ఆ గోలలో శౌరి చివరి బెంచీ వైపు చూశాడు. ఖాళీగా ఉంది.

బయటికి వస్తే, సుధేష్ణ పాపని అక్క కారు సీటులో పడుకోబెట్టి, తలుపు వేసి, వానలోనే అతని కోసం నిలబడి ఉంది.

"మంచిగ ఆడినవ్," అంది. "ఇప్పుడు చెప్పు. మంగళవారం ఎందుకు రాలే?"

"చేతిలో ముక్కలు బాగోనప్పుడు వదిలెయ్యమని మీరే గదా..."

"ఆపు. నేను పేకాట గురించి చెప్పిన. మనుషుల గురించి చెప్పలే. సక్కగ మాట్లాడు."

శౌరి ముఖం తుడుచుకున్నాడు. వాన మళ్లీ తడిపింది.

"రాజ్‌కిరణ్ గురించి మీ అక్క చెప్పింది."

"అక్క చెప్పింది. నన్ను అడిగినవా?"

"లేదు."

"నేను వద్దని అక్కకు నెల కిందనే చెప్పిన. రేపు డబ్లిన్ పోయేది ఆఫీసు కోసమే. ఆమెకు నిద్ర లేదు, నిన్న ఫ్రిజ్‌ల చెప్పులు పెట్టింది. ఆమె మాట విని, నా తరఫున నువ్వే ఫైసలా చేసినవ్. నేను రెండుసార్లు ఫోన్ చేసిన. డ్యూటీ అన్నవ్. మంగళవారం టీ రెండు కప్పులు పెట్టి, ఏడింటిదాంక కూసున్న."

శౌరికి ఆసులు ఓడిపోయినప్పుడు కూడా గుండె అలా జారలేదు.

"తప్పు నాదే," అన్నాడు. "భయమేసింది. మీరు అతనికి ఔనంటారేమో అని అడగలేదు... కాదు, నన్ను కాదంటారేమోనని. నాకు బుధవారమంటే ఇష్టం పోయింది సుధేష్ణా. మంగళవారం అయిపోయిందని ఒక బాధ, గురువారం ఇంకా రాలేదని ఒక బాధ. మాది చర్చి. మీ ఇంట్లో ఏమంటారో తెలీదు. నేను నర్సుని, జీతం కూడా రాజ్‌కిరణ్ అంత ఉండదు. అయినా మీరంటే నాకు చాలా ఇష్టం. ఇంకెట్టా చెప్పాలో తెలీటం లేదు."

సుధేష్ణ ఒక అడుగు దగ్గరికి వచ్చింది. ఇన్ని వారాల్లో ఆమె ముఖంలో ఏముందో అతనికి మొదటిసారి తేలిగ్గా అర్థమైంది.

"మీరు అనుడు బంద్ చెయ్యి ముందు," అంది. "నాక్కూడ నువ్వంటె ఇష్టమే. అంత వానల నిలబడి ఎవరికోసం తడుస్తున్న అనుకున్నవ్?"

"ఒరేయ్, శౌరీ!" లీలారాణి గారు గొడుగు పట్టుకుని వచ్చారు. కొడుకునీ ఆ అమ్మాయినీ మార్చి మార్చి చూశారు. ముఖాన నీళ్లున్నా వాళ్ల నవ్వు దాగలేదు. "ఓహో. ఇదా నీ జొరం."

"అమ్మా..."

"నువ్వు నోర్ముయ్. ఏమ్మా, వీడు నీకు నచ్చాడా? చూసి చెప్పు. వీడు గిన్నెలు సరిగ్గా కడగడు."

"నచ్చిండు ఆంటీ," అంది సుధేష్ణ. "గిన్నెలు నేర్పిస్త."

"చర్చి, గుడి అనే గొడవ ఎట్టాగూ ఉంటది. నాకు కూడా కొంచెం ఉంది, అబద్ధం చెప్పను. నాలుగు రోజులు ప్రార్థన చేసుకోవాలి నేను. కానీ మీ ఇంట్లో దాచిపెట్టి మాత్రం చెయ్యబాకండి. మీ నాన్నగారికి చెప్పావా?"

సుధేష్ణ ఫోను తీసింది. హనుమకొండలో అప్పుడు పడుకునే వేళ. వాళ్ల నాన్న వెంకట రమణ గారు రెండో రింగుకే ఎత్తారు. ఆమె ఏ ఉపోద్ఘాతమూ లేకుండా చెప్పేసింది. పేరు, ఉద్యోగం, చర్చి, అన్నీ. ఆ తర్వాత ఫోను స్పీకరు మీద పెట్టింది. శౌరి ఫోనుకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

"పిల్లగానికి తెలుగు వస్తదా?" అన్నారు వెంకట రమణ గారు.

"వచ్చిద్దండీ," అన్నాడు శౌరి కంగారుగా. "చిన్నప్పుడే వచ్చేశాం గానీ, మా అమ్మ ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడితే కూడెట్టదండీ."

"సగమే సమజైంది," అన్నారాయన. "ఆ అమ్మ ఉన్నదా అక్కడ?"

లీలారాణి గారు ఫోను లాక్కున్నారు. "అన్నయ్యగారూ, నమస్కారమండీ. మీరు ఏం కంగారు పడమాకండి. ముందు నేను చెప్పేది వినండి..." అంటూ, గొడుగూ ఫోనూ రెండూ పట్టుకుని హాలు మెట్లెక్కి లోపలికి వెళ్లిపోయారు. అరగంటైనా రాలేదు. ఒకసారి గట్టిగా వాదన వినిపించింది, ఒకసారి నవ్వు, తర్వాత ఫిరంగిపురం మిరపకాయల సంగతి.

"మీ నాన్న ఒప్పుకుంటారా?" అన్నాడు శౌరి.

"ఈ రోజైతే ఒప్పుకోడు," అంది సుధేష్ణ. "కానీ ఫోన్ పెట్టేస్తలేడు చూడు."

అక్క కారులో పాప నిద్రలేచి ఏడుపు అందుకుంది. ఇద్దరూ ఒకేసారి తలుపు దగ్గరికి పరుగెత్తారు.